గాఢనిద్రకు ధ్వని ప్రేరణ

నిద్రలో ఉన్నవారి మెదడు తరంగాలను గమనిస్తూ, సరైన క్షణంలో చిన్న శబ్దం వినిపించి గాఢనిద్రను బలపరిచే పద్ధతి ఇది. చప్పుడు నిద్రకు చేటన్న మామూలు నమ్మకానికి ఇది ఎదురు వెళ్తుంది. ఇప్పటికీ ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉంది.

జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ మనిషి మెదడు విద్యుత్ తరంగాల నమోదును 1929లో ప్రకటించాడు. తర్వాతి దశకంలో న్యూయార్క్ దగ్గరి టక్సీడో పార్క్‌లో, ఆల్‌ఫ్రెడ్ లూమిస్ అనే సంపన్నుడు సొంత ప్రయోగశాలలో నిద్రను దశలుగా విడదీశాడు. నిద్రపోతున్నవారికి శబ్దం వినిపిస్తే వారు మేలుకోకపోయినా మెదడులో ఒక పెద్ద తరంగం లేస్తుందని ఆయన బృందం గుర్తించింది. 'కె-కాంప్లెక్స్' అని పేరుపడిన ఆ తరంగమే ఈ కథకు అసలు మొదలు. దాన్ని వాడుకోవచ్చన్న ఆలోచన పండడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

గాఢనిద్రలో సెకనుకు ఒకటికన్నా తక్కువ వేగంతో సాగే మంద తరంగాన్ని కెనడాలో మిర్చా స్టెరియాడ్ 1993లో పిల్లుల మెదళ్లలో వివరించాడు. లక్షల నాడీకణాలు ఒక్కసారిగా మౌనం దాల్చి, మళ్లీ ఒక్కసారిగా మేల్కొంటాయి. 2006లో జర్మనీలోని ల్యూబెక్‌లో యాన్ బోర్న్ బృందం తలపై సన్నని విద్యుత్తు పంపి ఈ తరంగాలను పెంచింది. జ్ఞాపకశక్తి మెరుగుపడిందని చెప్పింది. కానీ ఇంట్లో పడుకునే మనిషి తలకు కరెంటు పెట్టించుకుంటాడా? శబ్దమైతే చెవి దారి సిద్ధంగానే ఉంది.

2013లో హాంగ్-వియెట్ ఎన్‌గో, బోర్న్, మరి ఇద్దరు కలిసి ప్రకటించిన ప్రయోగం ఈ రంగానికి మలుపు. కంప్యూటర్ మంద తరంగాన్ని పసిగట్టి, అది పైకి లేచే వేళకు 50 మిల్లీసెకన్ల పాటు 'పింక్ నాయిస్' అనే హోరు శబ్దం వినిపించేది. ఊగుతున్న ఉయ్యాలను ఏ క్షణంలో తోయాలో తెలిసినట్టే ఇక్కడా వేళే కీలకం: లయ తప్పిన శబ్దం ఫలితమివ్వలేదు. పదాల జంటలు కంఠస్థం చేసిన 11 మంది, శబ్దం విన్న రాత్రి తర్వాత మరిన్ని గుర్తు తెచ్చుకోగలిగారు. చప్పుళ్లను వరుసగా పెంచుకుంటూ పోతే లాభం పెరగదని, మెదడే దానికి హద్దు పెడుతుందని 2015లో తేలింది.

వయసుతో గాఢనిద్ర తరుగుతుంది కాబట్టి ఆశ వృద్ధులపైకి మళ్లింది. 2017లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం 60–84 ఏళ్ల 13 మందిలో ఇలాంటి మేలే చూసింది. ఫిలిప్స్, డ్రీమ్ సంస్థలు ఇలా శబ్దం వినిపించే తలపట్టీలు అమ్మకానికి తెచ్చాయి. అంతలోనే 2019లో వచ్చిన మరో అధ్యయనంలో తరంగాలు పెరిగాయి గానీ జ్ఞాపకం పెరగలేదు. ఈ రంగంలోని పరీక్షలు చాలావరకు పది ఇరవై మందితో జరిగినవే. అందుచేత శబ్దంతో తరంగం పెరుగుతుందన్నది గట్టి మాట. జ్ఞాపకం పెరుగుతుందన్నది ఇంకా వివాదమే. జ్యూరిక్ పరిశోధకులు 2023లో గుండె పనితీరుపై ఈ ధ్వని ప్రేరణ ప్రభావాన్నీ పరిశీలించారు.

రాత్రంతా పింక్ నాయిస్ మోగించే ఫోన్ యాప్‌లు ఈ పద్ధతి కిందికి రావు. అవి మెదడు తరంగాన్ని చదవవు.