లాగింగ్ (పైథాన్)

ప్రోగ్రాము నడుస్తుండగా జరిగే సంఘటనలను సమయంతో, తీవ్రతతో సహా నమోదు చేసే పద్ధతి. హైదరాబాద్ తూర్పున కోచింగ్ కేంద్రాలకు పేరొందిన దిల్‌సుఖ్‌నగర్, దాని పక్కనున్న ఎల్బీనగర్ ప్రాంతాల్లో పైథాన్ నేర్చుకునేవారికి 'ప్రింట్' తర్వాత ఎంతో అవసరమైన పనిముట్టు ఇదే.

చరిత్ర: వినయ్ సాజిప్, ట్రెంట్ మిక్ ప్రతిపాదించిన లాగింగ్ మాడ్యూల్ 2003లో వెలువడిన పైథాన్ 2.3తో ప్రామాణిక లైబ్రరీలో చేరింది.

స్థాయిలు: డీబగ్ (10), ఇన్ఫో (20), వార్నింగ్ (30), ఎర్రర్ (40), క్రిటికల్ (50). ఏమీ మార్చకపోతే వార్నింగ్, ఆపై స్థాయి సందేశాలే కనిపిస్తాయి. ఉదాహరణకు, కోచింగ్ కేంద్రపు ఫీజు రసీదుల స్క్రిప్టులో రసీదు తయారైతే ఇన్ఫో, ఫైలు తెరుచుకోకపోతే ఎర్రర్ తగినవి.

పనితీరు: లాగర్ సందేశాన్ని అందుకుంటుంది, హ్యాండ్లర్ దాన్ని తెరకో ఫైలుకో చేరుస్తుంది, ఫార్మాటర్ దాని రూపం నిర్ణయిస్తుంది. రొటేటింగ్ ఫైల్ హ్యాండ్లర్ నిర్ణీత పరిమాణం దాటబోతుండగా కొత్త ఫైలు మొదలుపెడుతుంది. ఈ అమరికలేవీ లేకుండా, ఒక్క ఇంపోర్టుతో పని మొదలుపెట్టగల తేలికపాటి లైబ్రరీ లోగురు.

తెలుగులో లాగ్‌లు: తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది. ఎన్‌కోడింగ్ చెప్పకపోతే పలు విండోస్ యంత్రాల్లో తెలుగు సందేశం ఫైలుకు ఎక్కకుండా పోవచ్చు. అందుకే ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8గా స్పష్టంగా రాయాలి. లాగింగ్‌ను అమర్చే బేసిక్ కాన్ఫిగ్ ఫంక్షన్‌లో ఎన్‌కోడింగ్ చెప్పే సదుపాయం పైథాన్ 3.9 నుంచి ఉంది.

జాగ్రత్త: పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు, ఆధార్ సంఖ్యలు లాగ్‌లో రాయకూడదు.