తాళం చెవి నుంచి పాఠకుని చేతికి

రికార్డు రూము సంగతి మన పెన్షనర్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఎన్ని వేల ఫైళ్లున్నా అడిగిన కాగితం వేళకు దొరకకపోతే అది లేనట్లే లెక్క. పుస్తకాలకూ అదే న్యాయం. ఈ సత్యాన్ని మన దేశంలో శాస్త్రంగా మలచిన మహనీయుడు కీ.శే. ఎస్.ఆర్. రంగనాథన్ గారు.

1892లో తంజావూరు జిల్లా శియాళిలో జన్మించిన ఆయన వృత్తిరీత్యా లెక్కల మాస్టారు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. కొద్ది రోజులకే విసుగు పుట్టి, తిరిగి కాలేజీకి పంపమని కోరారు. ముందు ఇంగ్లండు వెళ్లి శిక్షణ పొంది రమ్మని పెద్దలు నచ్చజెప్పారు. అక్కడి గ్రంథాలయాలు చూశాక ఆయన మనసు మారింది.

అప్పట్లో లైబ్రేరియన్ అంటే బీరువా తాళాలు దాచుకునే కాపలాదారు అనే భావన ఉండేది. రంగనాథన్ గారు మద్రాసులో పాఠకులను నేరుగా అలమరల దగ్గరకు రానిచ్చారు. 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో పుస్తకం వాడకానికేనని, పాఠకుని కాలం వృథా కారాదని చాటారు. 1933లో కోలన్ వర్గీకరణను వెలువరించారు. వరి తెగుళ్ల పుస్తకం వచ్చిందనుకోండి. మొదట వ్యవసాయం, అందులో వరి, ఆపైన తెగులు అని విషయాన్ని విడదీసి, ఒక్కొక్కదానికి గుర్తునిచ్చి కలుపుతారు. ఆ గుర్తును బట్టి పుస్తకం తన చోటికి తాను చేరుతుంది.

మన ఆంధ్రదేశంలో పుస్తకాన్ని జనం వద్దకు చేర్చే పని అంతకు ముందే మొదలైంది. అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషితో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం వెలసింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువపై పడవ గ్రంథాలయం నడిపారు. తరువాత 1948లో మద్రాసు, 1955లో హైదరాబాదు, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టాలు వచ్చాయి.

ఉద్యమం భవనాన్ని, పుస్తకాన్ని ఇచ్చింది. చట్టం పన్ను రాబడినిచ్చింది. అయితే వాటికి ప్రాణం పోసేది లైబ్రేరియన్ నేర్పు. వర్గీకరణ, సూచిక తయారీ నేర్చుకుంటే వస్తాయి. అన్నింటికన్నా కష్టమైనది, వచ్చినవాడు అడిగినదానిలో అతనికి నిజంగా కావలసినదేమిటో ఓపికగా కనుక్కోవడం. నేడు కంప్యూటరు క్షణంలో వేయి పేర్లు చూపుతుంది. వాటిలో ఏది నమ్మదగినదో, ఏది ఈ పిల్లవాని చదువుకు తగినదో చెప్పడానికి మనిషే కావాలి. ఆ మనిషి లేని గ్రంథాలయం తాళం తీసి ఉన్నా మూసి ఉన్నట్లే. కనుక మన ఊరి శాఖా గ్రంథాలయంలో శిక్షణ పొందిన లైబ్రేరియన్ కావాలని అడగడం, మనవలను వెంటబెట్టుకొని అక్కడికి వెళ్లడం మన వంతు బాధ్యత.