శ్రీశైలం చూసిన రష్యా వర్తకుడు నికితిన్

మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా నల్లమల ఘాట్ ఎక్కితే శ్రీశైలం వస్తుంది. వాస్కోడిగామా 1498లో భారత్ చేరడానికి పాతికేళ్ల ముందే, ఓ శివరాత్రికి ఆ కొండకు రష్యా వర్తకుడు ఒకరు వచ్చారు. పేరు అఫనాసీ నికితిన్, ఊరు త్వేర్.

రష్యన్లు స్లావ్ జాతుల్లో ఒకరు. స్లావ్‌ల భాషలు దగ్గరివే, మతాలు మాత్రం వేరు. రష్యన్లు, సెర్బుల్లో అత్యధికులు ఆర్థొడాక్స్ క్రైస్తవులు, పోలండ్ వాసుల్లో కేథలిక్కులు ఎక్కువ, బోస్నియాక్‌లు ముస్లింలు.

నికితిన్‌ను ఓల్గా నది దగ్గర దొంగలు దోచుకున్నారు. మత గ్రంథాలు కూడా పోయాయి. ఇరాన్ మీదుగా, అమ్మకానికి ఓ గుర్రంతో బహమనీ రాజ్యం చేరారు. జున్నర్‌లో అక్కడి ఖాన్ గుర్రాన్ని లాక్కుని, ఇస్లాంలోకి వస్తేనే ఇస్తానన్నాడు. ఖురాసాన్‌కు చెందిన మహమ్మద్ అనే ముస్లిం పెద్దమనిషి వెళ్లి నచ్చజెప్పడంతో, మతం మారకుండానే గుర్రం దక్కింది.

తర్వాత బీదర్‌లో పరిచయమైన హిందువులతో కలిసి ‘పర్వతం’ వెళ్లారు. అది శ్రీశైలమేనని చరిత్రకారులు గుర్తించారు. గుండు చేయించుకునే భక్తులను, నల్లరాతి నందిని ఆయన వర్ణించారు. గ్రంథాలు లేక, తన ఈస్టర్ ఏ రోజో తెలియడం లేదని బాధపడ్డారు.

ఆయన యాత్రాగ్రంథం ‘మూడు సముద్రాల ఆవలి ప్రయాణం’ చివర్లో ప్రార్థన ఉంది. రష్యన్ లిపిలోనే రాసినా అందులో అరబ్బీ, ఫారసీ, తుర్కీ మాటలున్నాయి. తిరుగు ప్రయాణంలో, ఇల్లు చేరకముందే స్మొలెన్స్క్ దగ్గర కన్నుమూశారు. రాతప్రతి మాత్రం మాస్కో చేరింది.