అగ్గి తెగులుకి వరి దగ్గరున్న సొంత మందు

మా చింతలపూడి బోర్ల కింద గానీ, తాడేపల్లిగూడెం వైపు కాలవల కింద గానీ వరి వేసే ఎవర్నైనా అగ్గి తెగులు గురించి అడగండి, చెబుతారు. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చ, నడుమ బూడిద రంగు. అదే వెన్ను మెడ దగ్గర పడితే మెడవిరుపు, గింజ తాలు. ఇవాళ దీని కథ మందు వైపు నుంచి కాదు, మొక్క వైపు నుంచి చెబుతాను.

1918-19లో మన కృష్ణా గోదావరి డెల్టాలో వరికి గోధుమ మచ్చ తెగులు విరుచుకుపడింది. దాదాపు అప్పుడే తంజావూరు డెల్టాలో అగ్గి తెగులు. రెండూ శిలీంధ్రాలే. 1942లో ఆ గోధుమ మచ్చే బెంగాల్ పంటని తినేసింది, మరుసటి ఏడు ఘోరమైన కరువు. (కరువు నేరమంతా శిలీంధ్రం మీద తోసేస్తే నేను ఒప్పుకోను. యుద్ధం, ధరలు, దొరల నిర్ణయాలు కూడా బోనెక్కాలి.)

మన దగ్గర మారుటేరులో వరి పరిశోధన కేంద్రం 1925లో మొదలైంది. తెగులొచ్చిన చేలో ఏ రకం నిలబడిందో చూసి దాన్ని ముందుకి తెచ్చేవారు. సరే, అది ఎందుకు నిలబడింది? ఒక ముక్క జవాబు 1983లో జపాన్ నుంచి వచ్చింది. కటో అనే శాస్త్రవేత్త బృందం, అగ్గి తెగులుని తట్టుకునే వరి మొక్కల్లోంచి కొన్ని ఫ్యాటీ ఆమ్లాలు తీసింది. అవి తెగులు బీజాల్ని మొలకెత్తనివ్వడం లేదు!

అదెలాగంటే, ఈ శిలీంధ్రం ఆకు మీద కూర్చుని సుమారు 80 అట్మాస్ఫియర్ల ఒత్తిడి తెచ్చుకుంటుంది, అంటే కారు టైరుకి నలభై రెట్లు. ఆ బలంతో పొరని చీలుస్తుంది. లోపల కణాల పొరల్లో లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది, మన అవిసె నూనెలో ఉండేదే. దెబ్బ తగలగానే అది విడిపోతుంది, ఒక ఎంజైమ్ దానికి ఆక్సిజన్ తగిలిస్తుంది. కొంత నేరుగా శత్రువు మీద విషంగా పనిచేస్తుంది. కొంత జాస్మోనిక్ ఆమ్లంగా మారి పక్క కణాలకి కబురు పంపుతుంది. ఆ పేరు జాజి నుంచే వచ్చింది. దాని దగ్గరి చుట్టమైన మిథైల్ జాస్మోనేట్‌ని 1962లో జాజిపూల నూనెలోనే పట్టుకున్నారు.

తమాషా ఏంటంటే, ఆకు పైపొర కూడా ఫ్యాటీ ఆమ్లాల అల్లికే. దాంట్లోంచి ఊడే ముక్కల్ని వాసన పట్టి, "ఇదే వరి ఇల్లు" అని శిలీంధ్రం గుర్తుపడుతుంది. తాళమే అడ్రస్ కూడా చెప్పేస్తోందన్నమాట.

ఇదంతా వినేసి మా బాబాయి, "ఏరా, అయితే అవిసె నూనె తెచ్చి పిచికారీ చేసేయమంటావా?" అన్నాడు. వద్దు బాబాయ్. ఆ పని ఆకు లోపల, దెబ్బ తగిలిన చోట, తగిలిన క్షణాన జరగాలి. మన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, తినడానికి బ్రహ్మాండం, అగ్గి తెగులుకి మాత్రం మెత్తన. అందుకే ట్రైసైక్లజోల్ మీద పడ్డాం. దాని అవశేషాల హద్దుని యూరప్ 2017లో కిలోకి 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి దించేసింది, బాస్మతి ఎగుమతిదారులు లబోదిబోమన్నారు. బాబాయికి నేను చెప్పగలిగింది రెండే: తట్టుకునే రకం వెయ్యి, పైపాటు యూరియా గుప్పించకు. నత్రజని ఎక్కువైతే ఈ తెగులు రేగుతుంది. ఆయన ఈ సార్వాకి కూడా సాంబ మసూరే పోశాడు, అది వేరే సంగతి.