ముంజేయి తిరుగుడు - బావినీటి కథ

తాళము తీయుటకు, చెంబుతో నీళ్లు వంచుటకు, దోసిలి పట్టుటకు మన ముంజేయి తిరుగవలసి ఉంటుంది. మోచేతిని ప్రక్కకు ఆనించి, అరచేతిని పైకి, క్రిందికి త్రిప్పి చూడండి. మోచేతి వద్ద ఉన్న మడతబందు కీలు చేతిని ముడుచుటకు, చాచుటకు మాత్రమే పనికివస్తుంది. ఈ తిరుగుడు దానిని ఆనుకొని ఉన్న మరొక కీలు చలువ.

ముంజేతిలో రెండు ఎముకలున్నవి. చిటికెనవ్రేలి వైపున ఉన్నది అరత్ని, బొటనవ్రేలి వైపున ఉన్నది రత్ని. మోచేతి దగ్గర రత్ని తల గుండ్రని బిళ్లవలె ఉంటుంది. రెండు కొనలు అరత్నికి అంటుకొని ఉన్న ఒక బలమైన పట్టీ ఆ తలను ఉంగరమువలె చుట్టి ఉన్నది. అందులో రత్ని తల తిరుగుతుంది కనుక దీనిని బొంగరపు కీలు అంటారు. అరచేయి క్రిందికి తిరిగినపుడు రత్ని అరత్నికి అడ్డముగా వస్తుంది. ఈ రెండు ఎముకలను నిలువునా కలుపుతూ ఒక గట్టి పొర కూడా ఉన్నది. అది మెత్తగా వంగినంతకాలమే చేయి సులభముగా తిరుగుతుంది.

ఆ పొరలో సున్నము పేరుకొంటే చేయి బిగుసుకొంటుంది. ఈ సంగతి తెలుగువారికి అనుభవమున తెలిసినదే. 1937లో షార్ట్, మక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ అను వైద్యులు నాటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లా పల్లెలలో ఒక వ్యాధిని వర్ణించారు. అక్కడి ప్రజల పండ్లపై మచ్చలు, వెన్నెముకలోను కీళ్లలోను బిగువు కనిపించినవి. త్రాగునీటిలోని ఫ్లోరైడు అందుకు కారణము. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని ఇట్టి రోగులను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశారు.

గ్రానైటు వంటి రాళ్లలోని ఫ్లోరైడు భూగర్భజలములో కరుగుతుంది. ఏండ్ల తరబడి ఆ నీరు త్రాగినవారి ఎముకలు చిక్కబడి, కీళ్ల కట్లలోను పొరలలోను సున్నము చేరుతుంది. ఎక్స్‌రే తీసినపుడు రత్ని, అరత్నుల మధ్య పొర గట్టిపడినట్లు కనిపించుట ఈ వ్యాధికి ముఖ్యమైన గుర్తు. అప్పుడు బొంగరపు కీలు చెడకున్నను చేయి పూర్తిగా తిరుగదు.

ఇట్లు బిగిసిన చేతిని మరల మామూలుగా చేయు మందు లేదు. కనుక నివారణమే మార్గము. మన దేశపు ప్రమాణము ప్రకారము లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదు; వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింతురు. కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైనకొలది దాని పాలు పెరుగుతుంది. నాగపూరులోని జాతీయ పరిశోధనాలయము 1970ల దశాబ్దములో పటిక, సున్నములతో ఫ్లోరైడును తొలగించు విధానమును రూపొందించి, దానికి నల్లగొండ పేరు పెట్టినది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలములను పల్లెలకు చేర్చినది. కంటికి తేటగా ఉన్న నీరెల్ల మంచినీరు కాదు. పరీక్షించిన పిమ్మటనే త్రాగవలెను.