ఆజాద్ పేషా: ఎవరి ఆజాదీ?

"పంక్చర్లు వేసుకునేవాళ్ళు." ఈ మధ్య మాకు తగిలించిన పేరు ఇది. ఫోన్లలో ఏ విషయం మీద వాదన మొదలైనా సరే, ఎదుటివాడి దగ్గర మాటలు అయిపోయిన చోట ఈ తిట్టు వచ్చి పడుతుంది. పంక్చర్ వేయడం తిట్టు ఎందుకయ్యిందో నాకు అర్థం కాదు. అర్ధరాత్రి బండి ఆగిపోతే ఆ తిట్టేవాళ్ళే పంక్చర్ దుకాణం కోసం వెతుక్కుంటారు.

ఇదే ఊళ్ళో మాదాపూర్ వైపు వెళ్తే మరో మాట వినిపిస్తుంది. ఏ కంపెనీలోనూ కొలువు లేకుండా, పనికి ఇంత అని మాట్లాడుకుని చేసే కుర్రవాణ్ణి అక్కడ ఫ్రీలాన్సర్ అంటారు. తనకు తానే యజమాని అని మెచ్చుకుంటారు. పంక్చర్ వేసేవాడికీ నెల జీతం లేదు, ఫ్రీలాన్సర్‌కీ లేదు. ఇద్దరికీ జీతంతో సెలవు లేదు, పీఎఫ్ లేదు, పింఛను లేదు. పని దొరికిన రోజే డబ్బు. అయినా ఒకడిది వెనకబాటుతనం, ఇంకొకడిది స్వేచ్ఛ. ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలియాలంటే మా చరిత్రను కొంచెం వెనక్కి తిరిగి చూడాలి.

ఫ్రీలాన్సర్‌కు ఉర్దూలో ఆజాద్ పేషా అంటాం. ఎవరి కిందా కట్టుబడని వృత్తి అని అర్థం. ఇంగ్లీషు మాటలో ఉన్న లాన్స్ అంటే బల్లెం. ఏ ప్రభువుకూ కట్టుబడకుండా, డబ్బిచ్చినవాడి తరఫున బల్లెం పట్టే సిపాయికి మొదట్లో ఆ పేరు. అలాంటి సిపాయిలు హైదరాబాద్‌లో నిజంగానే ఉండేవాళ్ళు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం దగ్గరా, అమీర్ల దేవిడీల దగ్గరా జీతానికి ఆయుధం పట్టారు. వాళ్ళ బ్యారక్స్ ఉన్న చోటే ఇవాళ్టి బార్కస్. ఆ సిపాయిల మనవలు, మునిమనవలు ఇప్పుడు అక్కడ జామకాయలు అమ్ముతున్నారు, ఆటోలు నడుపుతున్నారు, గల్ఫ్‌కు పోయి వస్తున్నారు. బల్లెం పోయింది. ఇవాళ్టి పనికి ఇవాళ్టి కూలీ అన్న సూత్రం మాత్రం మిగిలింది.

1948 సెప్టెంబరుకు ముందు మేమంతా నవాబులమని, ఆ తర్వాత చితికిపోయామని ఒక కథ ప్రచారంలో ఉంది. దాన్ని మావాళ్ళూ చెప్పుకుంటారు, బయటివాళ్ళూ చెబుతారు. అది సగం నిజం, సగం అబద్ధం. నిజాం కొలువుల్లో ముస్లింలకు జనాభాలో వాళ్ళ వాటాకు మించి చోటు ఉన్న మాట నిజం. అది మిగతావాళ్ళకు అన్యాయమన్న మాటా నిజం. దాన్ని మేం కప్పిపుచ్చనక్కర్లేదు. కానీ ఆ కొలువుల్లో పెద్దవి ఎన్ని? ఎక్కువ భాగం చప్రాసీలు, జవాన్లు, మున్షీలు, దేవిడీల్లో వంటవాళ్ళు, కావలివాళ్ళు. ఊళ్ళలోనైతే దూదేకులవాళ్ళు, కసాయిలు, ఫకీర్లు, రాళ్ళు కొట్టేవాళ్ళు. వాళ్ళకు నవాబు ఎంత దూరమో దొర కూడా అంతే దూరం.

పోలీస్ యాక్షన్‌తో నిజాం సైన్యం రద్దయింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లు పోవడం మంచిదే, వాటి కింద నలిగిన రైతుల్లో మావాళ్ళూ ఉన్నారు. జాగీర్దారుకు నష్టపరిహారం దొరికింది. జాగీర్దారు ఇంట్లో వంట చేసిన మనిషికి ఏం దొరికింది? దఫ్తర్లలో ఉర్దూ పోయింది. ఉర్దూలో చదివిన చదువు ఒక్కసారిగా చెల్లని నాణెమైంది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం, సంస్థానంలో కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ఉస్మానాబాద్, బీదర్, గుల్బర్గా, నాందేడ్ వైపు నుంచి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు నగరానికి చేరారు. కొలువులు లేని ఊరికి కొత్తగా చేతులు వచ్చాయి. ఆ చేతులే రిక్షా పట్టాయి, తోపుడుబండి పట్టాయి, రెంచీ పట్టాయి, సూది పట్టాయి. దాన్ని ఎవరూ స్వయం ఉపాధి అని గొప్పగా పిలవలేదు. ధందా అన్నారు, అంతే.

ధందాలు అంతకుముందు లేవని కాదు. 2007లో బీసీ-ఇ కింద రిజర్వేషన్ ఇచ్చినప్పుడు చేసిన జాబితాను ఒకసారి చదవండి. అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, హజాములు, ఖురేషీలు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్ళు, రాయి కొట్టే తురకకాశలు, ఫకీర్లు. అది కులాల జాబితా అనుకుంటాం గానీ చాలావరకు వృత్తుల జాబితా. ఇందులో నెల జీతం ఇచ్చే వృత్తి ఎక్కడుంది? తురకలంతా రాజ్యం చేశారని చెప్పేవాళ్ళు ఈ జాబితాను గోడకు తగిలించుకుంటే మంచిది.

మా మామూ ఒక ఉర్దూ పత్రికకు కాతిబ్‌గా పనిచేశాడు. కాతిబ్ అంటే చేత్తో పత్రిక రాసేవాడు. నస్తాలీఖ్ లిపి సీసపు అచ్చులకు సరిగా లొంగలేదు. అందువల్ల తెలుగు, ఇంగ్లీషు పత్రికలు అచ్చుల మీద నడుస్తున్న కాలంలో కూడా ఉర్దూ పత్రికలు కాతిబ్ కలం మీదే నడిచాయి. ఉస్తాద్ దగ్గర ఏళ్ళ తరబడి కూర్చుంటే తప్ప చేయి కుదిరేది కాదు. ఒక కాతిబ్ రాసిన పేజీని మరో కాతిబ్ దూరం నుంచే గుర్తుపట్టేవాడు. అంత విద్య ఉన్న మనిషికి ఇచ్చేది మాత్రం సఫాకు ఇంత అని. చిన్నప్పుడు నేను ఆయన్ను అడిగాను, మామూ, మీకు జీతం ఎంత అని. ఆయన నవ్వాడు. "జీతం ఎక్కడిది బేటా? సఫా లిఖే తో పైసా, నై లిఖే తో నై." పేజీ రాస్తే డబ్బు, లేకపోతే లేదు. జ్వరం వచ్చినా రాసేవాడు.

1981లో పాకిస్తాన్‌లో నస్తాలీఖ్ కంప్యూటర్ మీదికి ఎక్కింది. 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఇక్కడి పత్రికలూ ఒక్కొక్కటిగా మారాయి. కాతిబ్‌లను ఉద్యోగాల నుంచి తీసేశారని చెప్పడానికి కూడా వీల్లేదు. ఉద్యోగం ఉంటేగా తీసేయడానికి! రేపటి నుంచి పేజీలు లేవన్నారు. నోటీసు లేదు, గ్రాట్యుటీ లేదు. మా మామూ ఛత్తా బజార్‌లో పెళ్ళి కార్డులు రాశాడు. ఆ తర్వాత దుకాణాలకు బోర్డులు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక అదీ పోయింది. యంత్రం రావద్దని నేను అనను, నేనూ కంప్యూటర్ మీదే రాస్తాను. కానీ ఎవరి చేతి విద్య మీద పత్రికలు బతికాయో వాళ్ళ పేర్లు ఏ హాజరు పట్టీలోనూ లేవు. అందుకే వాళ్ళ నష్టం ఏ లెక్కలోకీ రాలేదు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా చిత్రం. పాతబస్తీ ఇళ్ళల్లో కార్‌చోబ్ చట్రం ముందు కూర్చుని జరీ కుట్టే అమ్మాయి, లాడ్ బజార్ లక్క గాజుల మీద రాళ్ళు అద్దే అమ్మ, వీళ్ళని ఏం చేస్తారమ్మా అని అడిగితే, ఏం లేదు, ఇంట్లోనే ఉంటాం అంటారు. డజనుకు ఇంత, ముక్కకు ఇంత అని లెక్క. సేఠ్ ఇచ్చిందే రేటు. పరదా వల్ల బయటికి రారని కొందరు తేల్చేస్తారు. బయట ఏం పని సిద్ధంగా పెట్టారో మాత్రం చెప్పరు.

మరో ఆజాద్ కూడా మాకు బాగా తెలుసు. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దారి తెరుచుకుంది. అక్కడ కఫీల్ లేకుండా బతకలేం. కంపెనీ పని దొరకనివాళ్ళు ఆజాద్ వీసా కొనుక్కుని పోయారు. కఫీల్ పేరుకే యజమాని. అతనికి ఏటా డబ్బు కట్టి, పని మనమే ఎక్కడో వెతుక్కోవాలి. అక్కడి చట్టం దీన్ని ఒప్పుకోదు. పట్టుబడితే జైలు, లేదంటే తిరుగు టపా. పాతబస్తీ వాళ్ళతో పాటు కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి పోయిన హిందువులకూ ఈ మాట బాగా తెలుసు. పేరులో ఆజాదీ, పాస్‌పోర్టు ఇంకొకడి బీరువాలో.

2006లో సచార్ కమిటీ ఈ బతుకులకు అంకెలు ఇచ్చింది. దేశంలో పనిచేసే ముస్లింలలో 61 శాతం మంది స్వయం ఉపాధి మీద ఉన్నారు, హిందువుల్లో 55 శాతం. పట్టణాల్లో తేడా ఇంకా పెద్దది, 57 శాతం, 43 శాతం. ముస్లిం ఆడవాళ్ళలోనైతే 73 శాతం. ముస్లిం మగవాళ్ళలో 12 శాతం మంది వీధుల్లో తిరిగి అమ్ముకునేవాళ్ళే, దేశ సగటు 8 శాతం లోపు. ఈ అంకెలు చూసి ముస్లింలది వ్యాపార స్వభావమని, నౌకరీ అంటే ఇష్టం ఉండదని రాసిన పెద్దమనుషులున్నారు. మూసిన తలుపు ముందు నిలబడ్డవాణ్ణి చూసి, వీడికి ఆరుబయట ఉండటమే ఇష్టం అన్నట్టుంది.

అయితే 1991 తర్వాత ఆ తలుపు అందరికీ మూతపడసాగింది. సంస్థానం కాలంలో పుట్టిన ఆజంజాహీ మిల్లు, ఆల్విన్ వంటి చోట్ల మతంతో పని లేకుండా వేలమంది నెల జీతం తెచ్చుకున్నారు. అవి ఒక్కొక్కటిగా మూతబడ్డాయి, లేదా చేతులు మారాయి. ఉన్న చోట కాంట్రాక్టు వచ్చింది, అవుట్‌సోర్సింగ్ వచ్చింది. నా వృత్తినే చూడండి. నేను పనిచేసిన ఒక తెలుగు పత్రికలో మండల విలేకరికి జీతం ఉండేది కాదు. లైన్ అకౌంట్ ఉండేది. అచ్చయిన వార్తను కొలిచి డబ్బిచ్చేవాళ్ళు. రాసి పంపి, అచ్చు కానిదానికి ఏమీ లేదు. మొదటి నెల ఆ లెక్క చూసుకున్న రోజు నాకు మా మామూ గుర్తొచ్చాడు. ఆ లెక్క పుస్తకంలో రెడ్డి ఉన్నాడు, మాదిగ ఉన్నాడు, నేనూ ఉన్నాను.

ఇప్పుడు యాప్‌లు వచ్చాయి. దేశంలో 2020-21 నాటికి 77 లక్షల మంది ఇలాంటి పనుల్లో ఉన్నారని, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు అవుతారని నీతి ఆయోగ్ 2022లో చెప్పింది. మా మామూ కొడుకు ఇప్పుడు బండి మీద అన్నం పొట్లాలు అందిస్తాడు. సఫాకు ఇంత పోయి ఆర్డర్‌కు ఇంత వచ్చింది. తండ్రి కనీసం సేఠ్‌తో ఎదురుగా నిలబడి పోట్లాడేవాడు. కొడుకు ఎవరితో పోట్లాడాలి? రేటు ఎవరు తగ్గించారో తెలియదు. ఐడీ ఎవరు ఆపేశారో తెలియదు.

ఇంకో కొత్త సంగతీ ఉంది. రోడ్డు మీద ఆటో ఆపేవాడు డ్రైవర్ పేరు అడిగి ఎక్కేవాడు కాదు. యాప్‌లో బండి కంటే ముందు పేరు వస్తుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్‌లో ఒకరు అన్నం తెప్పించుకుంటూ, ముస్లిం డెలివరీ మనిషిని పంపొద్దని రాశారు. ఆ సంగతిని బయటపెట్టి కంపెనీని నిలదీసింది తెలంగాణ గిగ్, ప్లాట్‌ఫాం కార్మికుల సంఘం నాయకుడు షేక్ సలావుద్దీన్. అన్ని మతాల, కులాల డ్రైవర్లు, డెలివరీ కార్మికులు ఉన్న సంఘం అది. ఒకప్పుడు మఖ్దూం మొహియుద్దీన్ సంఘాలు కట్టిన ఊళ్ళో ఇది జరగడం నాకు సంతోషం కలిగించింది.

2020 నాటి సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికుడన్న మాటను దేశ చట్టంలోకి తెచ్చింది. అది 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం నిధికి ఇవ్వాలంటుంది. మంచిదే. కానీ యజమాని, పనివాడు అన్న సంబంధం బయటే వీళ్ళను ఉంచింది. ఇది కుదరదా అంటే, ఎందుకు కుదరదు? బీడీలు చుట్టే ఆడవాళ్ళను చూడండి. నిజామాబాద్, కరీంనగర్‌లలో ముస్లిం ఆడవాళ్ళూ, పద్మశాలి ఆడవాళ్ళూ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని వెయ్యికి ఇంత అని చుట్టారు. ఫ్యాక్టరీ లేదు, హాజరు లేదు. అయినా 1966 చట్టం ఇంట్లో చుట్టేవాళ్ళను కూడా కార్మికులుగా ఒప్పుకుంది. గుర్తింపు కార్డు వచ్చింది, పీఎఫ్ వచ్చింది. తెలంగాణ వచ్చాక పింఛను కూడా వచ్చింది. అది అందరికీ అందలేదు. కానీ నువ్వు కార్మికురాలివి అని రాసి ఉన్న ఒక కాగితం వాళ్ళ చేతిలో ఉంది.

జరీ కుట్టే అమ్మాయికి ఆ కాగితం కావాలి. ఆర్డర్లు మోసే కుర్రవాడికి కావాలి. లైన్ అకౌంట్ విలేకరికి కావాలి. పంక్చర్ వేసేవాడికి యజమాని లేడు గనుక సర్కారే బాధ్యత పడాలి. ఇది మైనారిటీ సంక్షేమ శాఖ పంచే కుట్టుమిషన్ల లెక్క కాదు, కార్మిక శాఖ లెక్క. మమ్మల్ని మతం కింద కాకుండా పని కింద కూడా లెక్కపెట్టమని అడుగుతున్నాం.

మాదాపూర్ కుర్రవాడికి ఒక మాట. నువ్వు ఇవాళ కొత్తగా అడుగుపెట్టిన ఈ బతుకులో మేం డెబ్భై ఏళ్ళుగా ఉన్నాం. జ్వరమొచ్చిన రోజు ఎంత పొడుగ్గా ఉంటుందో మాకు తెలుసు. బండి పంక్చరైనప్పుడు కాసేపు ఆ దుకాణం దగ్గర కూర్చో. టైరు విప్పేలోపు మనిద్దరి లెక్కలూ చూసుకుందాం.