ఆకాశ్-2 ట్యాబ్లెట్‌లో లినక్స్: బూట్ సమస్యలు

ఆకాశ్, విద్యార్థుల కోసం భారత ప్రభుత్వం 2011 అక్టోబరు 5న విడుదల చేసిన చౌక ట్యాబ్లెట్. తొలి ఆకాశ్‌లను హైదరాబాద్‌లోనే తయారుచేశారు. 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్-2లో ఆల్‌విన్నర్ ఏ13 చిప్, 512 ఎంబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 4.0 ఉన్నాయి. ఐఐటీ బొంబాయి దీనిపై గ్నూ/లినక్స్‌ను నడిపించింది.

పవర్ నొక్కగానే ఏ13 ముందు మైక్రో ఎస్‌డీ కార్డును చూస్తుంది. కార్డు మొదలు నుంచి 8 కేబీ దూరాన బూట్‌లోడర్ ఉండాలి, దాని గుర్తూ చెక్‌సమ్మూ సరిపోవాలి. లేకుంటే లోపలి మెమరీకి వెళ్తుంది. అందుకే లినక్స్ కార్డు పెట్టినా ఆండ్రాయిడే లేస్తే కెర్నల్‌ను తప్పుపట్టకూడదు. కార్డును మళ్లీ రాయాలి. తెర నల్లగానే ఉండిపోతే ర్యామ్ సెట్టింగులనో, తెర వివరాలిచ్చే స్క్రిప్ట్ ఫైలునో అనుమానించాలి: చిప్ ఒకటే అయినా బోర్డులు వేరు. అక్షరాలు కనిపించి మధ్యలో ఆగితే రూట్ పార్టిషన్ చిరునామా సరిచూడాలి. బలహీనమైన బ్యాటరీ కూడా ఇవే లక్షణాలు చూపగలదు. ముందు పూర్తిగా ఛార్జ్ చేయడం మేలు.

కార్డు తీసేస్తే పాత ఆండ్రాయిడ్ చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది. వికారాబాద్‌లోనో తాండూరులోనో సర్వీస్ సెంటర్‌కు దూరంగా, ఇంట్లోనే ప్రయోగం చేసే విద్యార్థికి ఇంతకు మించిన ధైర్యం లేదు.